నారింజ, ముదురాకు పచ్చ, నీలి తోక: చెరువు గట్టున కనిపించినవి మూడు సన్న తూనీగలా, ఒకటేనా?

విభాగం: కీటకాలు, గుర్తింపు

చెరువుగట్టు (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. మాది వరంగల్లు దగ్గర ఒక పల్లె. మా ఊరి చెరువు అలుగు పక్కన జమ్ము దట్టంగా పెరిగిన చోట మూడు వారాలుగా ఉదయం పూట సన్న తూనీగలకు ఫొటోలు తీస్తున్నాను. సన్న తూనీగలు అని నేను అంటున్నవి ఇంగ్లీషులో డామ్‌సెల్‌ఫ్లై అని పిలిచేవి. చిన్నప్పుడు మనం తోకకు దారం కట్టి ఎగరేసిన పెద్ద తూనీగలు వేరు. మా ఇంట్లో రెండింటినీ తూనీగలనే అనేవారు, అందుకే నా సౌకర్యం కోసం ఈ పేరు పెట్టుకున్నాను.

నా నోటుపుస్తకంలో మూడు జాతులు రాసుకున్నాను. మొదటిదాని వక్షం నారింజ రంగులో మెరుస్తుంది, కానీ ఉదరం పైభాగం పొడవునా నల్లటి పట్టీ ఉంటుంది. రెండోదానిది సరిగ్గా అదే కొలత, అదే నల్లటి పట్టీ. అయితే నారింజ ఉండవలసిన చోట మసకబారిన ముదురాకు పచ్చ ఉంది. మూడోదాని వక్షం లేత నీలం కలిసిన ఆకుపచ్చ. ఉదరం నల్లగా ఉండి, చివరకు కాస్త ముందు ఒకే ఒక్క నీలి కట్టు దీపంలా కనిపిస్తుంది. మూడూ అగ్గిపుల్ల కంటే కొద్దిగా పొట్టిగా, సుమారు మూడు సెంటీమీటర్లు ఉంటాయి. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి ఇవన్నీ ఒకటే జాతి అని వాదిస్తున్నాడు. ఇంత వేర్వేరు రంగులు ఉన్నవి ఒకటే ఎలా అవుతాయో నాకు అర్థం కావడం లేదు. తెలిసినవారు చెప్పగలరు. ఫొటోలు జతచేశాను.

కెమెరాభుజం

ఫొటోలు బాగున్నాయి. మొదటిది కోరమాండల్ మార్ష్ డార్ట్, అంటే సెరియాగ్రియాన్ కోరమాండెలియానమ్ అని నా అభిప్రాయం. 1798లో ఫాబ్రిషియస్ మన కోరమాండల్ తీరం పేరుతోనే దీనికి నామకరణం చేశాడు, మన చెరువుల దగ్గర ఇది లేని గట్టు ఉండదు. మూడోది నీలి తోక కనుక ఏదో ఒక నీలి డార్ట్ అయి ఉంటుంది. రెండోది వేరే జాతి. పదేళ్ళుగా నేను రంగు చూసే పేరు చెబుతున్నాను, పెద్దగా తప్పు పోలేదు.

సూక్ష్మదర్శిని

కెమెరాభుజం గారూ, మీ ఫొటోలను ఈ వేదికలో ఏళ్ళుగా చూస్తున్నాను, వాటి మీద నాకు గౌరవం ఉంది. అయినా ఈ ఒక్క విషయంలో మీతో విభేదించక తప్పదు. డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పే నేను విద్యార్థులకు మొదటి రోజే ఒక మాట చెబుతాను. సన్న తూనీగ రంగు దాని వయసును, లింగాన్ని, కొన్నిసార్లు ఆ ఉదయపు చలిని కూడా చెబుతుంది కానీ, దాని పేరును మాత్రం అన్నిటికంటే చివర చెబుతుంది. కాబట్టి రంగును కాసేపు పక్కన పెట్టి రెక్కల దగ్గర మొదలుపెడదాం.

పెద్ద తూనీగలకు వెనుక రెక్క మొదలు దగ్గర వెడల్పుగా ఉండి, ముందు రెక్కతో పోలికే లేనట్లు ఉంటుంది. సన్న తూనీగల నాలుగు రెక్కలూ దాదాపు ఒకే ఆకారంలో ఉండి, వక్షానికి అతుక్కునే చోట గరిటె కాడలా సన్నబడతాయి. శాస్త్రజ్ఞులు మొదటి ఉపక్రమానికి అసమాన రెక్కలు అనే అర్థంలో అనైసాప్టెరా అనీ, రెండోదానికి జైగాప్టెరా అనీ పేరు పెట్టడానికి మూలం ఈ రెక్కలే. కళ్ళు కూడా చూడండి. పెద్ద తూనీగల్లో చాలావాటికి కళ్ళు నడినెత్తిన ఒకదాన్నొకటి తాకుతాయి. సన్న తూనీగలకు మాత్రం సుత్తికి రెండు వైపులా గుండ్లు బిగించినట్లు దూరదూరంగా ఉంటాయి. (గోంఫిడే కుటుంబపు పెద్ద తూనీగలకు కూడా కళ్ళు విడిగానే ఉంటాయి కనుక, కళ్ళు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.)

ఇక రెక్క చివర, ముందు అంచున, చిన్న గడిలా రంగు నిండిన మచ్చ ఒకటి కనిపిస్తుంది. దాన్ని టెరోస్టిగ్మా అంటారు, నేను రెక్కమచ్చ అంటాను. అలంకారం కోసమే పుట్టినట్లు కనిపించినా దానికి పని ఉంది. రెక్కలో మిగిలిన భాగం కంటే ఆ గడి బరువైనది. తేలుతూ వేగంగా పోతున్నప్పుడు రెక్క అదుపు తప్పి మెలితిరిగి అల్లాడకుండా ఆ కొద్దిపాటి బరువు ఆపుతుందని 1972లో నార్‌బర్గ్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు చూపించాడు. మనకు కావలసింది దాని రంగు. చెరువుగట్టు గారి మూడో ఫొటోను పెద్దది చేసి చూస్తే, ముందు రెక్కమచ్చ సగం నలుపు, సగం నీలం కలిసిన తెలుపు. వెనుక రెక్కమచ్చ అలా లేదు. ముందు, వెనుక రెక్కల మచ్చలు ఇలా తేడాగా ఉండడం ఇస్క్నూరా అనే ప్రజాతి మగవాటికి ముఖ్యమైన గుర్తు. తల వెనుక, రెండు కళ్ళ పక్కన, రెండు గుండ్రటి నీలి చుక్కలు కూడా ఉన్నాయి. ఉదరంలో పది ఖండితాలు ఉంటాయి. చివరిది పదోది అనుకుని వెనక్కి లెక్కపెట్టండి. ఎనిమిదోది పూర్తిగా నీలం, తొమ్మిదోది పైన నలుపు, పక్కల నీలం. ఇది ఇస్క్నూరా సెనెగలెన్సిస్ మగది. ఇంగ్లీషులో సెనెగల్ గోల్డెన్ డార్ట్‌లెట్ అంటారు. 1842లో రాంబూర్ దీనిని వర్ణించాడు. పేరులో సెనెగల్ ఉంది కదా అని పరాయిదనుకోకండి, ఆఫ్రికా నుంచి జపాన్ దాకా నిలకడ నీళ్ళున్న చాలాచోట్ల ఇది ఉంటుంది.

మరి మొదటి రెండూ? అవి దీని ఆడవే. మీ అబ్బాయి గెలిచాడు.

కెమెరాభుజం

మగదాని సంగతి ఒప్పుకున్నాను, రెక్కమచ్చను అంత దగ్గరగా నేను చూడలేదు. కానీ నారింజది ఆడది అనడానికి ఆధారం ఏమిటి? కోరమాండల్ మార్ష్ డార్ట్ కాదంటే, పిగ్మీ డార్ట్‌లెట్, అదే అగ్రియోక్నెమిస్ పిగ్మియా ఆడది ఎందుకు కాకూడదు? దాని లేత ఆడవి ఎర్రగానే ఉంటాయి కదా. పైగా ఒకే జాతి ఆడవి ఒకటి నారింజగా, ఇంకొకటి పచ్చగా ఉండడమేమిటి?

సూక్ష్మదర్శిని

సరైన చోటే పట్టుకున్నారు. అందరూ తడబడేది అక్కడే.

ముందుగా కోరమాండల్ మార్ష్ డార్ట్. దాని ఉదరం పసుపు కొమ్ములా మొదటి నుంచి చివరి దాకా ఒకే రంగు, పైన నల్లటి పట్టీ ఉండదు. వక్షం ఆలివ్ పచ్చ. మన ఫొటోలోని దానికి ఉదరం పొడవునా నల్లటి పట్టీ ఉంది కనుక అది తేలిపోయింది. రెండోది పిగ్మీ డార్ట్‌లెట్. ఇది మరీ చిన్నది, అగ్గిపుల్లలో సగానికి కాస్త ఎక్కువ. వరి మడి గట్టున గడ్డిలో ఎగురుతుంటే దోమ అనుకుని వదిలేస్తాం. దాని లేత ఆడదానికి ఉదరమే ఎర్రగా ఉంటుంది. ఇస్క్నూరా ఆడదానిలో నారింజ వక్షం పక్కలా, ఉదరం మొదలు దగ్గరా ఎక్కువ, ఉదరం పైన నలుపు చెక్కుచెదరదు. చెరువుగట్టు గారు కొలత రాశారు కాబట్టి మన పని సులువయింది. కొలత రాయని ఫొటో అయితే నేను కూడా ఇంత ధైర్యంగా చెప్పేదాన్ని కాదు.

ఇక రెండో ప్రశ్న. ఇస్క్నూరా సెనెగలెన్సిస్ ఆడవాటిలో పుట్టుకతోనే రెండు రూపాలు ఉన్నాయి. ఒక రూపం రంగులో అచ్చం మగదానిలాగే ఉంటుంది, నీలి కట్టుతో సహా. రెండో రూపం లేత వయసులో నారింజగా ఉండి, ముదిరే కొద్దీ ముదురాకు పచ్చగా, గోధుమ రంగుగా మారుతుంది. మీ మొదటి ఫొటోలోనిది లేత ఆడది, రెండో ఫొటోలోనిది అదే రూపంలో ముదిరిన ఆడది. ఈ రెండు రూపాలు ఎందుకు నిలిచి ఉన్నాయన్న దాని మీద జపాన్‌లో ఇదే జాతితో చాలా పని జరిగింది. మగవి చెరువు దగ్గర ఏ రూపం ఆడవి ఎక్కువగా కనిపిస్తే ఆ రూపాన్నే వెంటాడడం నేర్చుకుంటాయి. అలా వెంటపడడం వల్ల ఆడవాటికి తినడానికీ గుడ్లు పెట్టడానికీ తీరిక ఉండదు. అందువల్ల తక్కువగా ఉన్న రూపానికి కొంత ఊరట దొరుకుతుంది, దాని సంతానం పెరుగుతుంది, అది ఎక్కువయ్యేసరికి మగవాటి చూపు మళ్ళీ దాని మీదకు మళ్ళుతుంది. మొత్తం మీద ఏ రూపమూ పూర్తిగా అంతరించదు.

దీనివల్ల మనకు వచ్చే చిక్కు ఒకటుంది. మీ నోటుపుస్తకంలో మగవని రాసుకున్న నీలి తోకల్లో కొన్ని ఆడవి అయి ఉండవచ్చు. రంగు వదిలేసి ఉదరం ఆకారం చూడండి. మగదానికి చివర సన్నగా ఉండి పట్టకారు వంటి కొసలు ఉంటాయి, రెండో ఖండితం కింద చిన్న ఉబ్బు కనిపిస్తుంది. ఆడదానికి చివరి రెండు మూడు ఖండితాలు కింది వైపు లావెక్కి ఉంటాయి, గుడ్లు పెట్టే సాధనం అక్కడే ఉంటుంది.

వాగువెంట

మాది పాడేరు వైపు. రెక్కలు ముడుచుకుంటే సన్న తూనీగ, చాచుకుంటే పెద్ద తూనీగ అని ఒక సూత్రం చాలామంది చెబుతుంటారు. దాన్ని నమ్మి ఒకసారి నవ్వులపాలయ్యాను కనుక రాస్తున్నాను. లెస్టిస్ ప్రజాతి సన్న తూనీగలు వాలినప్పుడు రెక్కలను సగం విచ్చి ఉంచుతాయి. ఇంగ్లీషులో వీటికి స్ప్రెడ్‌వింగ్ అనే పేరు అందుకే వచ్చింది. ఎండాకాలంలో నీళ్ళకు దూరంగా, ఎండిన పుల్లలు ఉన్న పొదల్లో ఇవి పుల్ల రంగులోనే కదలకుండా వేలాడుతూ గడుపుతాయి. తొలకరి తర్వాత కుంటలు నిండే వేళకు వాటికి అసలు రంగు వస్తుంది. మే నెలలో చూసినదాన్నే ఆగస్టులో చూస్తే గుర్తుపట్టరు.

రెక్కల గురించి మాట్లాడుతూ మా సెలయేళ్ళ న్యూరోబేసిస్ చైనెన్సిస్‌ను వదిలేయడం అన్యాయం. 1758లో లిన్నేయస్ పేరు పెట్టిన పాతకాపు అది. మగది రాతి మీద రెక్కలు ముడిచి కూర్చున్నంతసేపూ రాగి, ముదురు గోధుమ కలిసిన మామూలు పురుగు. ఒక్కసారి వెనుక రెక్కలు విప్పిందంటే పైవైపు నెమలి పింఛం తునక ఎండలో పడినట్లు పచ్చగా మెరుస్తుంది. ఆ పచ్చదనం రెక్క పైవైపే, కిందివైపు లేదు. అంటే మీరు కింద నుంచి ఫొటో తీస్తే ఒక రంగు, పై నుంచి తీస్తే మరొక రంగు. ఆడదాని రెక్కలు తేనె రంగులో ఉండి తెల్ల మచ్చ కలిగి ఉంటాయి, దాన్ని వేరే జాతిగా రాసుకున్నవాళ్ళు నాకు తెలుసు. (ఆ వాళ్ళలో నేను కూడా ఉన్నాను.)

రెక్కల మీద రంగు ఉంటే అది గుర్తింపుకు బాగా అక్కరకొస్తుందని కూడా చెప్పాలి. డిస్పరోన్యూరా క్వాడ్రిమాక్యులేటా మగది ఎర్రగా ఉండి, నాలుగు రెక్కలకూ వెడల్పాటి నల్ల పట్టీ కలిగి ఉంటుంది. ఏటి ఒడ్డున అది కనిపిస్తే మరి దేనితోనూ పొరపాటు పడనక్కరలేదు. సామెతలో తూనీగలాడితే తూమెడు వర్షం అంటారే, అందులోని తూనీగలు ఇవేవీ కావు, గుంపులుగా ఆకాశంలో తిరిగే పెద్ద తూనీగలు. సన్న తూనీగలు సాధారణంగా అంత ఎత్తుకు పోవు.

పాతపెట్టె

నేను ఒక కళాశాల ప్రయోగశాలలో సహాయకుడిగా పనిచేసి విరమించాను. సూక్ష్మదర్శిని గారిని ఒక సందేహం అడగాలి. మా దగ్గర సూది గుచ్చి పెట్టెలో దాచిన సన్న తూనీగలు ఎన్నో ఉండేవి. పెట్టెలో పెట్టిన రోజు నీలంగా ఉన్నవి వారం తిరిగేసరికి మట్టి రంగుకు వచ్చేవి. అదే పెట్టెలోని సీతాకోకచిలుక రెక్కల రంగు ముప్ఫై ఏళ్ళయినా పోలేదు. నీటి రంగులా ఇది ఎక్కడికి పోతుంది?

సూక్ష్మదర్శిని

అయ్యా, అది పోవడానికి అక్కడ నీలి వర్ణకం అసలు లేదు. సన్న తూనీగ చర్మం పైపొర గాజులా పారదర్శకంగా ఉంటుంది. దాని కింద ఉన్న కణాల్లో కంటికి కనిపించనంత చిన్న గుళికలు నిండి ఉంటాయి. వాటి మీద పడిన కాంతిలో నీలం వెనక్కి చెదిరి మన కంటిని చేరుతుంది. మిగిలిన రంగులను ఆ గుళికల అడుగున ఉన్న నల్లటి వర్ణకపు పొర మింగేస్తుంది. ఇది టిండాల్ ప్రభావమని, అంటే సన్నటి రేణువుల మీద పడిన కాంతి ఒక క్రమం లేకుండా చెదరడమని చాలాకాలం అనుకున్నారు. ఆ గుళికల మధ్య దూరాలు దాదాపు క్రమంగా ఉండడం వల్ల, వాటి నుంచి చెదిరిన నీలి కాంతి ఒకదానికొకటి తోడై బలపడుతుందని 2004లో రిచర్డ్ ప్రమ్ బృందం తేల్చింది. ప్రాణం పోయి కణాలు ఎండి చితికితే ఆ అమరిక చెదిరిపోతుంది, అడుగున ఉన్న నలుపు, గోధుమ మాత్రమే మిగులుతాయి. సీతాకోకచిలుక రంగు రెక్క మీది పొలుసుల్లో ఉంటుంది, పొలుసులో కుళ్ళడానికి మెత్తటి కణమంటూ ఏమీ లేదు. తూనీగలను అసిటోన్‌లో కొన్ని గంటలు నానబెట్టి ఆరబెడితే నీరూ కొవ్వూ పోయి రంగు కొంతవరకు నిలుస్తుంది.

ఇదే ఏర్పాటు వల్ల బతికి ఉన్న పురుగులో కూడా రంగు మారవచ్చు. ఆస్ట్రేలియాలోని ఆస్ట్రోలెస్టిస్ యాన్యులోసస్ మగది చల్లటి ఉదయాన మసి పూసినట్లు ఉండి, ఎండెక్కిన తర్వాత నీలంగా మారుతుంది. చలిలో నల్లటి వర్ణకం గుళికల పైకి పాకుతుంది, వేడికి కిందికి దిగుతుంది.

ఎరుపు, పసుపు, నారింజ మాత్రం నిజమైన వర్ణకాలే, వాటిని ఓమోక్రోమ్‌లు అంటారు. ఈ సందర్భంలో ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను, పెద్ద తూనీగల గురించే అయినా. మన చెరువుల దగ్గర లేతప్పుడు పసుపుగా, ముదిరాక మిరపపండులా కనిపించే క్రోకోథెమిస్ సెర్విలియా మగది ఉంది కదా. పసుపు ఎరుపుగా మారడానికి కొత్త వర్ణకమేమీ పుట్టదనీ, ఉన్న వర్ణకమే క్షయకరణం చెంది ఎర్రబడుతుందనీ జపాన్ పరిశోధకులు 2012లో చూపించారు. విటమిన్ సి ఎక్కించగానే పసుపు తూనీగ ఎర్రబడింది.

ఇవి కాక బూడిద పూత ఒకటుంది. కొన్ని జాతుల మగవాటికి వయసు ముదిరే కొద్దీ ఒంటి మీద మైనం వంటి తెల్లటి పొడి పడుతుంది. ద్రాక్షపండు మీద, తాటిముంజె తొక్క మీద చూస్తామే, అలాంటిదే. కింద ఉన్న చారలన్నీ దాని వెనుక మాయమవుతాయి. దానికి విరుద్ధంగా అప్పుడే పొర వదిలి బయటికి వచ్చిన సన్న తూనీగకు రంగే ఉండదు. కోపెరా మార్జినిపెస్ లేతవి పాల తెలుపులో ఉండి, నీడలో గడ్డి మీద వాలితే దెయ్యపు తూనీగల్లా భయపెడతాయి. అదే తూనీగ ముదిరాక కాళ్ళు నిమ్మపండు పసుపు, ఒళ్ళు నలుపు. రెక్కలు తడి సెలోఫేన్‌లా తళతళ మెరుస్తుంటే అది లేతదని అర్థం, దాని రంగును నోటుపుస్తకంలో రాయకండి.

డల్లాస్‌తెలుగు

ఇక్కడ టెక్సస్‌లో మా ఇంటి వెనుక కుంట దగ్గర ఇస్క్నూరా రాంబురీ ఉంటుంది. దీనికి కూడా లేత నారింజ ఆడవి, మగదాన్ని పోలిన ఆడవి ఉన్నాయి. రెండేళ్ళు వాటిని వేర్వేరు జాతులుగా లెక్కపెట్టాను. చెరువుగట్టు గారు మూడు వారాల్లో అడిగి మంచి పని చేశారు.

కెమెరాభుజం

నా పాత ఫొటోలన్నీ మళ్ళీ తిరగేయాలి. ఫొటో ఎలా తీస్తే గుర్తింపుకు ఎక్కువ పనికొస్తుందో కూడా చెప్పండి.

సూక్ష్మదర్శిని

పక్క నుంచి, పురుగు ఒంటికి సమాంతరంగా కెమెరా పట్టి ఒకటి తీయండి. తలవెనుక చుక్కలు కనిపించేలా పై నుంచి ఒకటి, ఉదరం చివరి కొసలు మాత్రమే నిండుగా వచ్చేలా ఒకటి కావాలి. ఆ కొసలే అసలు సంతకం. జత కట్టేటప్పుడు మగ సన్న తూనీగ వాటితో ఆడదాని మెడ వెనుక భాగాన్ని పట్టుకుంటుంది, పెద్ద తూనీగ అయితే తలను పట్టుకుంటుంది. వాటి ఆకారం జాతికొక తీరుగా ఉంటుంది కనుక రంగు ఎంత మోసం చేసినా అవి మోసం చేయవు.

చెరువుగట్టు గారికి ఇంకొక సూచన. జంటలను వెతకండి. రంగు గురించి మనం ఎంత వాదించుకున్నా, ఏది ఏ జాతిదో వాటికి మనకంటే బాగా తెలుసు. సెనెగలెన్సిస్ జంటలు పొద్దున్నే కలిసి గంటల తరబడి విడిపోకుండా గడ్డి మీద చక్రంలా వంగి ఉంటాయి కనుక వెతకడం కష్టం కాదు. ఆ తర్వాత ఆడది ఒంటరిగానే గుడ్లు పెడుతుంది. కోరమాండల్ మార్ష్ డార్ట్ అలా కాదు. ఆడది నీటిగడ్డిలో గుడ్లు పెడుతున్నంతసేపూ మగది దాని మెడ మీద ధ్వజస్తంభంలా నిటారుగా నిలబడి కాపు కాస్తుంది. రెండింటినీ పక్కపక్కన చూస్తే ఇక జీవితంలో మరచిపోరు.

చెరువుగట్టు

పది రోజుల తర్వాత రాస్తున్నాను, మన్నించాలి. వానల వల్ల అలుగు పారి, గట్టు దాకా పోవడం కుదరలేదు. నిన్న ఉదయం ఆరున్నరకు మా అబ్బాయితో కలిసి వెళ్ళాను. జమ్ములో ఐదు జంటలు దొరికాయి. నాలుగింటిలో నీలి కట్టు ఉన్న మగదానితో ముదురాకు పచ్చ ఆడది ఉంది. ఐదో జంటను చూసి, రెండూ నీలి తోకలే, ఇవి రెండూ మగవేమో, ఎక్కడో లెక్క తప్పింది అనుకున్నాను. ఫొటోను ఇంటికి వచ్చి పెద్దది చేస్తే కింద ఉన్నదాని ఉదరం చివర లావుగా ఉంది, రెండో ఖండితం కింద ఉబ్బు లేదు, ముందు రెక్కమచ్చలో నలుపు తెలుపుల తేడా కూడా లేదు. అది మగ వేషంలో ఉన్న ఆడదే.

నారింజవి జంటల్లో ఒక్కటీ లేదు. అవి ఏడెనిమిది కనిపించాయి కానీ నీటికి పది పదిహేను గజాల దూరంలో, గట్టుకు అవతల గడ్డిలో విడివిడిగా వాలి ఉన్నాయి. లేతవి కనుక ఇంకా నీటి దగ్గరకు రాలేదని మా అబ్బాయి అంటున్నాడు. ఈసారి వాదించలేదు.

నోటుపుస్తకంలో మూడు పేర్లనూ కొట్టేసి ఒకటే రాశాను. నిర్వాహకులు వీలుంటే శీర్షిక పక్కన జాతి పేరు చేర్చగలరు. ఐదో జంట ఫొటో జతచేశాను.

నిర్వాహకుడు

చేర్చాను. ఐదో జంట ఫొటోను గుర్తింపు విభాగంలో పై వరుసలో ఉంచుతున్నాను.